సామాన్ల గదిని పిల్లల చదువు గదిగా మార్చుకున్నాం: నా అనుభవం

మల్కాజిగిరిలో మా మామయ్యగారు రైల్వేలో పనిచేస్తున్నప్పుడు కట్టించిన ఇల్లు మాది. అందులో ఈశాన్యం గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దక్షిణం గోడకి కడప బండలతో కట్టిన నాలుగు అరలు, కింద మొజాయిక్ గచ్చు. ఏళ్ళ తరబడి అది సామాన్ల గది. గోద్రెజ్ బీరువా, బియ్యం డ్రమ్ములు, ఇనప ట్రంకు పెట్టెలు, అత్తయ్య కుట్టుమిషను, ఏ పెళ్ళిలో వచ్చాయో ఎవరికీ గుర్తులేని స్టీలు బిందెలు, అన్నీ అందులోనే ఉండేవి. పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకున్నాక ఆ గది ఖాళీ చేసి వాళ్ళకి తగ్గట్టు తయారు చేసుకున్నాం. ఏది ఎక్కడ పెట్టాం, ఎందుకు పెట్టాం అన్నది వివరంగా రాస్తున్నాను. ఎందుకంటే నేను వెతికినప్పుడు నాకు కనిపించినవన్నీ అమెరికా ఇళ్ళ ఫోటోలే, తెల్ల గోడలు, తెల్ల బల్లలు, కింద కార్పెట్లు. మన గోడల చెమ్మ, మన చెదలు, మన సీలింగ్ ఫ్యాను, ఇంట్లో పెద్దవాళ్ళు, ఇవేవీ ఆ ఫోటోల్లో ఉండవు.

పెద్దాడికి పదేళ్ళు, చిన్నదానికి ఏడు. బడి ఎందుకు మాన్పించామన్నది వేరే కథ, ఇప్పుడు దాని జోలికి పోను. సర్టిఫికెట్ సంగతేంటి అని అందరికీ టెన్షన్ ఉంటుంది కాబట్టి అదొక్కటి చెప్పి ముందుకెళ్తాను. ఎన్‌ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, 1989లో మొదలైంది, కేంద్ర విద్యాశాఖ కింద పనిచేస్తుంది. పిల్లలకి 14 ఏళ్ళు నిండితే అందులో పదో తరగతి పరీక్ష రాయొచ్చు, తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు. చిన్న తరగతులకి ఎ, బి, సి అని మూడు లెవెల్స్ ఉన్నాయి, అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం. మా పెద్దాడిని ఆ దారిలోనే పంపుదామని మా ఉద్దేశం.

ఇక గది. మామయ్యగారు లాలాగూడ వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి, కొలతలంటే ప్రాణం. ఆయన టేపు తీసుకుని గది కొలవడానికి లేచారు. ముందు పిల్లల్ని కొలుద్దాం మామయ్యా, గది ఎక్కడికీ పోదు అన్నాను. నవ్వి, పిల్లల్ని గోడకి ఆనించి నిలబెట్టి గీతలు గీశారు. వాడు 138 సెంటీమీటర్లు, అది 118. అసలు ఈ రెండు అంకెలే మా గదిని తయారు చేశాయి. బల్ల ఎత్తు, స్టూలు ఎత్తు, బోర్డు ఎంత కిందకి రావాలి, ఏ అరలో ఏముండాలి, అన్నీ వీటినుంచే వచ్చాయి.

మన ఇళ్ళలో డైనింగ్ టేబుల్ ఇంచుమించు 30 అంగుళాల ఎత్తుంటుంది, షాపుల్లో స్టడీ టేబుల్ అని అమ్మేవి కూడా చాలావరకు అంతే. ఏడేళ్ళ పిల్లని దాని ముందు కూర్చోబెట్టి చూడండి. భుజాలు చెవుల దాకా లేస్తాయి, కాళ్ళు గాల్లో వేలాడతాయి, పది నిమిషాలకే మోకాళ్ళు మడిచి కుర్చీ మీద ఎక్కి కూర్చుంటుంది, మనమేమో నిలకడగా కూర్చోవడం రాదని తిడతాం. బడి బల్లలకి యూరప్‌లో ఈఎన్ 1729 అని ఒక స్టాండర్డ్ ఉంది. దాని లెక్క ప్రకారం 119 నుంచి 142 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకి కూర్చునే చోటు 35 సెంటీమీటర్లు, బల్ల 59 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకంటే చిన్నవాళ్ళకి, అంటే 108 నుంచి 121 మధ్య ఉంటే, 31, 53. మన మేస్త్రీల భాషలో చెప్పాలంటే 59 సెంటీమీటర్లంటే 23 అంగుళాల పైన కొంచెం. మామూలు టేబుల్ కంటే దాదాపు ఏడంగుళాలు తక్కువ! నేను ఈ అంకెలు చదివాకే కొత్త టేబుల్ కొనే ఆలోచన మానుకున్నాను.

అత్తయ్యగారి పాత టేకు డైనింగ్ టేబుల్ ఒకటి వరండాలో పడి ఉంది, దాని మీద పూలకుండీలు పెట్టుకున్నాం. దాని కాళ్ళు కోయించేద్దామని నేను అంటే ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్యకి అది కాపురానికొచ్చిన కొత్తలో కొన్న టేబుల్. కార్పెంటరే దారి చూపించాడు. "కోసిన ముక్కలు పారెయ్యొద్దు మేడం, లోపల బోల్టు పెట్టి మళ్ళీ బిగించేలా చేసిస్తా, పిల్లలు పెరిగితే టేబులూ పెరుగుతది" అన్నాడు. ఆ మాటతో అత్తయ్య సరేనన్నారు. నాలుగు కాళ్ళనీ ఏడేసి అంగుళాలు కోశాడు, కోసిన ప్రతి ముక్క మీదా ఏది ఏ కాలిదో అంకె వేశాడు. ఆ ముక్కలు ఒక గోనెసంచిలో అటక మీద ఉన్నాయి. పైన మరకలన్నీ ఉప్పుకాగితంతో రుద్ది, మెరుపు లేని పాలిష్ వేయించాం. మెరిసే పాలిష్ మీద కిటికీ వెలుతురు పడి కళ్ళకి కొడుతుంది, మీరు చేయించుకుంటే ఈ సంగతి ముందే చెప్పుకోండి. కొత్తది కావాలంటే ప్లైవుడ్‌తో చేయించుకోవడం నయం. పొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు బల్లల మీద పిల్లలు ఒక గ్లాసు నీళ్ళు ఒలకబోస్తే అంచులు ఉబ్బిపోతాయి, ఒకసారి విప్పి బిగిస్తే స్క్రూలు పట్టవు.

బల్ల ఒకటే, పిల్లలిద్దరు, ఇద్దరి ఎత్తూ వేరు. దీనికి మా ఇంట్లోనే ఉపాయం దొరికింది. రెండు స్టూళ్ళూ 14 అంగుళాల ఎత్తుతో చేయించాం, అది వాడికి సరిగ్గా సరిపోతుంది. చిన్నదానికి స్టూలు మీద బొంత మడిచి వేస్తే బల్ల అందుతుంది, కానీ అప్పుడు కాళ్ళు నేలకి ఆనవు. వెనకటి భోజనం పీటలు రెండు అటక మీద ఉంటే ఒకటి దించి కాళ్ళ కింద పెట్టాం. దాని ఎత్తు రెండున్నర అంగుళాలు, కావలసింది కూడా అంతే. పాదాలు పూర్తిగా ఆనితేనే పిల్లలు కుదురుగా కూర్చుంటారు. కుర్చీకి ఎంత డబ్బు పెట్టినా కాళ్ళ కింద ఏమీ లేకపోతే లాభం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

వెలుతురు దగ్గర అసలు చర్చ జరిగింది. తూర్పు ముఖంగా కూర్చుని చదవాలని మామయ్యగారి పట్టు. ఈశాన్యం గది, తూర్పు ముఖం, ఇంకేం కావాలి అన్నారు. పెద్దాడికి అది చక్కగా కుదిరింది. తూర్పుకి తిరిగి కూర్చుంటే ఉత్తరం కిటికీ ఎడమ పక్కకి వస్తుంది, కుడిచేత్తో రాసేవాళ్ళకి వెలుతురు ఎడమ నుంచి పడితే రాసే చేతి నీడ అక్షరాల మీద పడదు. పైగా ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ భాగం నేరుగా ఎండ పడదు, దాదాపు రోజంతా ఒకేలాంటి వెలుతురు ఉంటుంది. కానీ మా చిన్నదానిది ఎడమచేతి వాటం. అది తూర్పుకి తిరిగి కూర్చుంటే రాసే చెయ్యి సరిగ్గా కిటికీకి అడ్డం వస్తుంది, రాసిన ప్రతి అక్షరం నీడలోనే. బడిలో దాని నోటు పుస్తకం ఎందుకంత వంకరగా తిప్పి పెట్టుకునేదో నాకు అప్పుడు అర్థమైంది. దాన్ని పడమర ముఖంగా, అన్నకి ఎదురుగా కూర్చోబెడితే కిటికీ కుడిపక్కకి వస్తుంది. మామయ్యగారికి ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వంక చూసి, "సరేనమ్మా, పొద్దున పద్యాలు తూర్పుకి తిరిగి చదువుతుంది, రాత పడమటికి తిరిగి రాస్తుంది" అని తీర్పు చెప్పారు. అప్పటినుంచి అదే పద్ధతి. అత్తయ్య కూడా దాని పెన్సిలు కుడిచేతిలోకి మార్చడం ఆ వారంతోనే మానేశారు, అది నాకు గది కంటే పెద్ద సంతోషం.

ఎదురెదురుగా కూర్చోబెట్టాక బల్ల కింద కాళ్ళతో తన్నుకోవడం మొదలైంది. కార్పెంటర్ మధ్యలో నిలువుగా ఒక చెక్క కొట్టాడు, అంతటితో సరి.

రాత్రి లైటు గురించి ఒక్క విషయం మాత్రం తప్పకుండా చూసుకోండి. ట్యూబ్‌లైటు ఫ్యాను రెక్కల కంటే పైన ఉంటే రెక్కలు తిరుగుతున్నంతసేపూ పుస్తకం మీద వెలుతురు అదురుతూ ఉంటుంది. మనం అలవాటుపడి పట్టించుకోం కానీ కళ్ళు తొందరగా అలిసిపోతాయి. మా గదిలో పాత ట్యూబ్ సరిగ్గా అలాగే స్లాబుకి దగ్గరగా ఉండేది. దాన్ని తీసేసి ఉత్తరం గోడకే, కిటికీ మీద, రెక్కల కంటే కిందకి వచ్చేలా 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్ పెట్టించాం. పగలు ఏ పక్కనుంచి వెలుతురు వస్తుందో రాత్రి కూడా ఆ పక్కనుంచే వస్తుంది. అరల మీద ఇంకొకటి. రెండూ కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో తీసుకున్నాం, అక్కడ వెలిగించి చూసి కొనుక్కోవచ్చు. పసుపూ కాదు నీలంగా ఉండే తెలుపూ కాదు, మధ్యలో 4000 కెల్విన్ అని ఒకటి ఉంటుంది, చదువుకోవడానికి అదే హాయిగా ఉంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే కింద ఉన్న ప్లగ్గులకి మూతలున్న సాకెట్లు వేయించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. కరెంటు ఎక్కడైనా లీకై మనిషి ఒంట్లోంచి పోతుంటే అది క్షణంలో పడిపోయి సరఫరా ఆపేస్తుంది. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఇది ఉండదు, పిల్లలున్న ఇంట్లో తప్పనిసరి.

రంగులకంటే ముందు చెమ్మ చూసుకోవాలి. మా కిటికీ కింద గోడ వానాకాలంలో ఉబ్బి పెచ్చులు ఊడేది. పైన సజ్జా పగిలి నీళ్ళు దిగుతున్నాయి. సజ్జా పగుళ్ళు పూడ్పించి, గోడ పెచ్చులన్నీ గీకించి, పూర్తిగా ఆరేదాకా ఆగి అప్పుడు పుట్టీ పెట్టించాం. పెయింటర్ తొందరపెట్టాడు, మేం ఒప్పుకోలేదు. తడి గోడ మీద వేసిన రంగు నిలవదు, ఆ గోడకి ఆనించిన పుస్తకాలు బూజుపడతాయి.

పుస్తకాలకి కడప బండల అరలే వాడాం. ఇప్పటి కొత్త ఇళ్ళలో ఇవి కట్టడం మానేశారు కానీ, నిజంగా గొప్ప వస్తువు. చెద తినదు, నీళ్ళకి ఉబ్బదు, ఎంత బరువైనా మోస్తుంది. ఒకే ఒక్క ఇబ్బంది, బండ అంచు పిల్లల తలకి సమానంగా ఉంటే ప్రమాదం, అందుకని మూలలన్నీ గ్రైండర్‌తో గుండ్రంగా చేయించాం. కింది రెండు అరలూ పిల్లలవి, చిన్నది ఎవరినీ అడక్కుండా ఏ వస్తువైనా తీసుకోవాలి, తీసినచోట పెట్టాలి. మూడోది పెద్దాడిది. పైది నాది, కత్తెర్లు, జిగురు, రంగుల సీసాలు, పరీక్ష కాగితాలు అందులో. చిన్నపిల్లలు పుస్తకాన్ని అట్ట చూసి ఎంచుకుంటారు, వీపు చూసి కాదు, కాబట్టి పడమర గోడకి చెక్క బద్దీలు రెండు కొట్టించి కథల పుస్తకాలు అట్టలు కనబడేలా నిలబెట్టాం. ప్రతి ఆదివారం ఆ పుస్తకాలు మారుస్తాను. మార్చిన రోజు చిన్నది అక్కడినుంచి కదలదు. పుస్తకాల్లో నాఫ్తలీన్ ఉండలు వేయడం మాత్రం మానేశాం, తెల్లగా మిఠాయిలా కనిపిస్తాయి, మింగితే విషం. ఎండిన వేపాకు, నెలకోసారి దులిపి గాలి పట్టించడం, మాకు ఇవి చాలుతున్నాయి. వరండాలోంచి ఒక చెక్క బీరువా కూడా తెచ్చి పెట్టాం, దాన్ని ఎల్ క్లాంపులతో గోడకి బిగించాకే పిల్లల్ని లోపలికి రానిచ్చాను. సొరుగులు లాగి మెట్లలా ఎక్కితే బీరువా మీద పడుతుంది.

బోర్డు కొనలేదు, తూర్పు గోడ మీదే ఆరడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తున రంగు వేయించాం. కింది అంచు నేలకి 20 అంగుళాల ఎత్తులోనే ఉంది. బడుల్లో బోర్డు టీచరు ఎత్తుకి ఉంటుంది, ఇక్కడ రాసేది పిల్లలు. పాత డిస్టెంపర్ మొత్తం గీకి, పుట్టీ రెండుసార్లు పట్టించి, ఉప్పుకాగితంతో అద్దంలా నున్నగా చేసి, ప్రైమర్ మీద బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేయాలి. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే చాక్‌పీసు టకటకా విరుగుతుంది. రంగు బాగా ఆరాక, ఏమీ రాయకముందే, చాక్‌పీసు అడ్డంగా పట్టుకుని బోర్డంతా ఒకసారి రుద్ది తుడిచెయ్యాలి. లేకపోతే మొదట రాసిన రాత ఎంత తుడిచినా నీడలా మిగిలిపోతుంది. ఈ చిట్కా మా పెయింటర్ చెప్పాడు. పక్కన నాలుగో వంతు భాగంలో తెలుగు రాతకి గీతలు గీయించాను. దుకాణాల్లో దొరికే నాలుగు గీతల పుస్తకాలు ఇంగ్లీషు అక్షరాల కోసం చేసినవి. తెలుగులో కింద వత్తులకి చోటు కావాలి, అందుకని రెండు గీతలు గీయించి, వాటి కింద దాదాపు అంతే ఖాళీ వదిలాం. "రాష్ట్రం" రాసేటప్పుడు కింది వత్తు తర్వాతి లైనులోకి చొరబడే బాధ తప్పింది. పలకలు కూడా ఉన్నాయి, మార్కాపురం రాతి పలకలు. రేకు పలకల మీద కంటే రాతి పలక మీద బలపం చక్కగా నడుస్తుంది, తప్పు రాస్తే తడిగుడ్డతో పోతుంది, చిన్నదానికి నోటు పుస్తకమంటే ఉండే భయం పలక దగ్గర లేదు.

నేను ఈ గదిలో అన్నిటికంటే ఎక్కువ పోట్లాడి సాధించుకున్నది మాత్రం ఖాళీ నేల. సగం గది ఖాళీగా ఉండాలని పట్టుబట్టాను. మా ఆయన అక్కడ కంప్యూటర్ టేబుల్ పెడదామన్నారు, మా ఆడపడుచు సోఫా ఇస్తానంది, అత్తయ్య కనీసం కుట్టుమిషనైనా ఉండనీయమన్నారు. దేనికీ ఒప్పుకోలేదు. ఆ నేల మీద తుంగచాప, చలికాలంలో దాని మీద బొంత, అంతే. పిల్లలు బల్ల దగ్గర కూర్చునేది రాత పని ఉన్నంతసేపే, మిగతాదంతా చాప మీదే. బోర్లా పడుకుని చదువుతారు, వామనగుంటలు ఆడుతూ కూడికలు చేస్తారు, పటం పరిస్తే దాని మీదే కూర్చుంటారు. సర్వే ఆఫ్ ఇండియా పటాలు 1:50,000 స్కేలువి ఉంటాయి, అంటే పటం మీద రెండు సెంటీమీటర్లు బయట ఒక కిలోమీటరు. పటంలో ఉత్తరం దిక్కుని కిటికీ వైపు తిప్పి నేల మీద పరుస్తాం, అప్పుడు మౌలాలి గుట్ట ఎటుందో వేలు పెట్టి చూపించి, మేడ మీదకెక్కి నిజంగా అటే ఉందో లేదో చూసుకుని వస్తారు. గోడకి తగిలించిన పటంతో ఇది కుదరదు.

సామాన్లు ఖాళీ చేసేటప్పుడు ట్రంకు పెట్టెలో అత్తయ్యగారి పుట్టింటి ఇత్తడి కొలతలు దొరికాయి. గిద్ద, సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పెద్దాడికి భిన్నాలు మింగుడు పడేవి కావు, వాటితో బియ్యం కొలిపించింది అత్తయ్యే. గిద్ద మానికలో పదహారో వంతని వాడు తనంతట తనే లెక్కగట్టాడు. ఆ రోజునుంచి కొలతల పాఠం ఆవిడదే, నేను జోక్యం చేసుకోను. కొన్న వస్తువుల్లో ఒక తక్కెడ, ఒక భూతద్దం, ఒక గ్లోబు తప్ప చెప్పుకోదగ్గవి లేవు. కథల పుస్తకాలు తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ దగ్గర తీసుకున్నాం, తెలుగులో పిల్లలకి అంత తక్కువ ధరకి అంత మంచివి దొరకడం అదృష్టమే. ఇంగ్లీషువి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద. పాఠ్యపుస్తకాలు కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళవీ, మన రాష్ట్రానివీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, కావలసిన పాఠం వరకు ప్రింట్ తీసుకుంటాం.

చప్పుడు సంగతి. అత్తయ్య సీరియళ్ళ టైముకి పిల్లల రాత పని ఉండకుండా చూసుకుంటున్నాం, ఆవిణ్ణి టీవీ తగ్గించమని అడగడం నాకిష్టం లేదు, ఇల్లు ఆవిడది కూడా. ఇంటికొచ్చిన చుట్టాలు గదిలోకి తొంగి చూసి ఈ రోజు బడి లేదా అని అడుగుతారు. మొదట్లో పిల్లలు తలదించుకునేవాళ్ళు, ఇప్పుడు వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అరలు చూపిస్తున్నారు.

ఇంకా కావలసింది నీళ్ళు. రంగులు కడుక్కోవడానికి, మొక్కలు, చిన్న చిన్న సైన్సు ప్రయోగాలకి ప్రతిసారీ వంటింట్లోకి పరిగెత్తాల్సి వస్తోంది, గచ్చంతా మరకలు. కిటికీ బయట ఉన్న కొద్ది స్థలంలో చిన్న సింకు పెట్టించాలని ఉంది. పైపు వంటింటి వైపునుంచి లాగితే గోడ పగలగొట్టాలి, మేడ మీది ట్యాంకునుంచి నేరుగా దించితే ఈశాన్యంలో మురుగు నీళ్ళు ఎటు పోవాలని మామయ్యగారు అడుగుతున్నారు. అది వాస్తు ప్రశ్నే కాదు, నిజంగానే మా ఇంటి డ్రైనేజీ మొత్తం పడమర వైపుంది. ఇలాంటి పాత ఇంట్లో ఎవరైనా చేయించుకుని ఉంటే ఎలా చేయించారో చెప్పండి, వానలు మొదలయ్యేలోగా ప్లంబర్‌ని పిలవాలనుకుంటున్నాం.